డిస్కు జాఱిన పిమ్మట వ్యాయామము



శుభకృత్ సంవత్సర ధనుర్మాసమున, అనగా 2022 డిసెంబరు కడపటి వారమున, ఒకనాటి తెల్లవాఱుజామున నేను మా వాకిట 21 చుక్కల ముగ్గు పెట్టితిని. ముప్పావుగంటసేపు నడుము వంచియే యుంటిని. ముగ్గు ముగించి లోపలికి వచ్చి, నిండు నీళ్ల బకెట్టును పెరటిలోనికి తెచ్చుటకై వంగి యెత్తి, ఎత్తిన చేతితోనే ప్రక్కకు తిరిగితిని. నడుములో నేదియో తెగినట్లయ్యెను. బకెట్టు జాఱి నీరంతయు నేలపాలయ్యెను. దానితోపాటు నేనును నేలమీదనే యుంటిని.

మూడవనాటికి నొప్పి నడుమును విడిచి యెడమకాలిలోనికి దిగెను. పిరుదునుండి తొడమీదుగా పిక్క వెలుపలి ప్రక్కకు దిగి, పాదము పైభాగమున బొటనవ్రేలివఱకు ప్రాకెను. దగ్గినను తుమ్మినను కాలిలో మెఱుపు మెఱసినట్లుండెను. చరకసంహితలో వాతవ్యాధులను జెప్పుచోట గృధ్రసి యను పేర నిట్టి నొప్పియే వర్ణింపబడినది. అది పిరుదున నారంభించి క్రమముగా పాదమువఱకు దిగునని యందున్నది. నా తండ్రిగారు నాకు ఇంటివద్దనే అమరమును, రఘువంశమును, వైద్యముపై మక్కువచేత అష్టాంగహృదయమున కొంత భాగమును చెప్పిరి. ఆ రోజులలో నేనీ వ్యాధుల పేర్లను వల్లించితినే కాని, వానిలో నొకటి నా కాలిలోనికే వచ్చునని యెన్నడు ననుకొనలేదు. పట్టణమున తీయించిన ఎమ్మారై చిత్రములో, నడుము పూసలలో నాలుగవదానికిని అయిదవదానికిని నడుమనున్న డిస్కు వెనుకకు పొడుచుకొనివచ్చి నరమును నొక్కుచున్నట్లు తేలెను.

అప్పటికి మా చిన్నపిల్లకు రెండేండ్లు. దాని బరువు 11 కిలోలు. చిత్రమును చూచిన వైద్యులొకరు, "ఇంక జన్మలో వంగవద్దమ్మా. బరువెత్తవద్దు. పిల్లను అసలే ఎత్తుకోవద్దు" అని చెప్పి పంపివేసిరి. ఎన్నాళ్లని యడుగుటకు నాకు నోరు రాలేదు. ఇంటికి రాగానే పిల్ల రెండు చేతులును చాచుకొని పరుగెత్తివచ్చెను. మావారు మధ్యనే దాని నెత్తుకొని వీధిలోనికి తీసికొనిపోయిరి. నాటి రాత్రి నన్ను నిద్రపోనీయనిది కాలినొప్పి యొక్కటే కాదు.

మన యిండ్లలో నిట్టి నొప్పి వచ్చిన స్త్రీకి రెండు విధములైన బోధలు లభించును. కదలక పడియుండుమని కొందఱు, లేచి నాలుగు ఆసనములు వేసిన నదే పోవునని మఱికొందఱు చెప్పుదురు. నేను మొదటిదానిని పాటించి చిక్కితిని. రెండవదానిని పాటించి మరల మంచమెక్కితిని. ఆ మీదట నొక ఫిజియోథెరపిస్టుగారి దయవలన మూడవమార్గము దొరికెను. దానినే యిచట వ్రాయుచున్నాను. అయితే నేను వైద్యురాలను గాను. మీ నడుము నెఱిగిన వైద్యుని యనుమతి లేక దీనిలో నేదియు మొదలుపెట్టకుడు.

మొదట "జాఱుట" యను మాటను గూర్చి చెప్పవలెను. డిస్కు పీటమీది చెంబువలె జాఱిపడునది కాదు. మెడనుండి నడుము క్రిందివఱకు వెన్నుపూసల నడుమ 23 డిస్కులు గలవు. ఒక్కొక్కటి లేత తాటిముంజవంటిది. పైని గట్టి పొర, లోపల మెత్తని గుజ్జు. డిస్కు పొర ఒక్కటి గాక, ఉల్లిపాయ పొరలవలె పెక్కు వరుసలుగా నుండి పైపూసను క్రిందిపూసను గట్టిగా పట్టియుండును. ముంజను ముందుప్రక్క నొక్కినచో లోపలి నీరు వెనుకకు పోవును గదా! అట్లే మనము నడుము వంచి బరువెత్తినప్పుడు గుజ్జు వెనుకకు నెట్టబడును. పొరలు ముందే చీలియున్నచో ఆ చీలికగుండ పైకి పొడుచుకొనివచ్చి ప్రక్కనున్న నరమును తాకును. ఇంతే జరుగునది. కాలినొప్పికి మూలము పెక్కుమారులు నడుములోని యీ డిస్కేయని 1934లో బోస్టనునగరపు శస్త్రవైద్యులు మిక్స్టరు, బార్ అనువారు ప్రకటించిరి. అంతకుముందు తరతరముల రోగులు కాలికే పట్లు వేయించుకొనుచుండిరి.

జాఱినదను మాటవలన, మరల వంగిన మరల జాఱునను భయము మనస్సున నాటుకొనును. నే నాఱు నెలలు ఆ భయముతోనే నడచితిని. నిజమేమనగా, ఆ చీలిక మానును. బయటికి వచ్చిన గుజ్జును శరీరమే మెల్లమెల్లగా కరగించుకొనును. చిత్రమేమనగా, తెగి విడిపోయిన పెద్దముక్కయే యెక్కువగా కరగును, కొంచెముగా నుబ్బిన డిస్కు అంతగా తగ్గదు. 2015లో పూర్వపు పరిశోధనలను కూర్చి చూచినవారు విడిపోయిన ముక్కలలో 96 శాతము తగ్గినవనియు, ఉబ్బు మాత్రమే యున్నవానిలో 13 శాతము తగ్గినవనియు లెక్క తేల్చిరి. ఉబ్బు తగ్గనివారికి నొప్పి తగ్గదా యని యడుగుదురేమో! తగ్గును. 1994లో అమెరికాలో నడుమునొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీయగా, వారిలో సగముమందికి పైగా ఎక్కడో యొకచోట డిస్కు ఉబ్బియుండెను. నూటికి 27 మందికి ఉబ్బుటయే గాక పొడుచుకొనియు వచ్చెను. వారందఱును హాయిగా తిరుగుచున్నవారే. ఈ సంగతి తెలిసిన దినమున నేను నా ఎమ్మారై చిత్రమును బీరువా పైయరనుండి తీసి పాత పుస్తకముల క్రింద పెట్టితిని. అంతవఱకు వచ్చినవారి కెల్ల దానిని చూపుచుంటిని.

శస్త్రచికిత్స మాట కూడ రెండు ముక్కలలో చెప్పెదను. కొందఱికది యవసరమే. నెదర్లాండ్సుదేశమున తీవ్రమైన కాలినొప్పిగల 283 మందిని రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమువారికి వెంటనే శస్త్రచికిత్సయు, రెండవవర్గమువారికి వేచియుండుటయు విధించిరి. వెంటనే చేయించుకొన్నవారికి నొప్పి త్వరగా తగ్గెను. వేచినవారిలో 39 శాతము తుదకు శస్త్రచికిత్స చేయించుకొనిరి. ఒక సంవత్సరము గడచుసరికి మాత్రము రెండు వర్గములందును నూటికి 95 మంది కోలుకొనిరి. ఇది 2007లో ప్రకటితమైన ఫలితము. కాబట్టి ఓర్చుకొనగల నొప్పియైనచో కొన్ని వారములు చూచుటకు వీలున్నది.

అయితే చూడరాని నొప్పియు గలదు. ఈ భాగమును త్వరగా చదివి దాటిపోకుడు. రెండు తొడల నడుమ, కూర్చుండునప్పుడు పీటకు తగులు చోట, మొద్దుబాఱినట్లుండుట, మూత్రము వచ్చుచున్నట్లు తెలియకుండుట లేక రాక బిగిసిపోవుట, మలము నిలుపుకొనలేకపోవుట, రెండు కాళ్లును పట్టుతప్పుట, వీనిలో నేది కనబడినను ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. అది తెల్లవాఱువఱకు ఆగదగినది కాదు. మన స్త్రీలు మూత్రము మాట పైకి చెప్పుటకు సిగ్గుపడుదురు. ఈ విషయమున సిగ్గు జీవితమంతయు బాధపెట్టగలదు. పాదము పైకెత్తలేక నడకలో చెప్పు జాఱుచున్నను, మడమలమీదగాని మునివ్రేళ్లమీదగాని పది యడుగులు నడువలేకున్నను ఆలస్యము చేయరాదు. జ్వరముతో గూడిన నడుమునొప్పి, కారణము లేక బరువు తగ్గుచు వచ్చిన నొప్పి, పూర్వము కాన్సరు వచ్చినవారి నొప్పి, క్రిందపడిన పిమ్మట వచ్చిన నొప్పి, ఇవియు వ్యాయామముతో పోవునవి కావు.

ఇంక నా మొదటి పొరపాటు. నేను అయిదు వారములు మంచము దిగలేదు. మా అత్తగారు నన్ను కన్నకూతురువలె చూచిరి. "కదలకమ్మాయీ, నీకేం కావాలో నన్నడుగు" అని అన్నము మంచమువద్దకే తెచ్చిరి. ఆమె ప్రేమకు లోపము లేదు. కాని అయిదు వారములకు నా తొడలు సన్నబడినవి. నిలుచుండిన తల తిరుగుచుండెను. నొప్పి తగ్గినమాట నిజమే గాని నడక మఱచిపోయితిని. మంచముపట్టుటవలన లాభమున్నదా యని 1999లో నెదర్లాండ్సులోనే 183 మంది గృధ్రసి రోగులను పరీక్షించిరి. రెండు వారములు పడుకొనినవారును, ఓపినంత తిరిగినవారును 12 వారములకు సమానముగనే కోలుకొనిరి. రెండు వర్గములందును నూటికి 87 మందికి మేలయ్యెను. నొప్పి భరింపరానప్పుడు ఒకటి రెండు దినములు పడుకొనుట తప్పు కాదు. అటుపై మంచము మందు కాదు.

రెండవ పొరపాటు ఫిబ్రవరి నెలలో జరిగెను. నొప్పి తగ్గినదను ధైర్యముతో, బంధువులలో నొకరి ప్రోత్సాహముచేత, తెల్లవాఱగనే లేచి 12 సూర్యనమస్కారములు చేసితిని. ముందుకు వంగి పాదములను తాకుచోట వ్రేళ్లు నేలకు తగులుట లేదని బలవంతముగా వంగితిని కూడ. మఱునాడు కాలు నేలపై మోపలేకపోతిని. సూర్యనమస్కారములలో దోషము లేదు. దోషము నా వేళలోను, నా తొందరలోను ఉన్నది. రాత్రి మనము పడుకొనియున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకొని ఉబ్బును. అందుచేతనే ఉదయమున మన యెత్తు సాయంకాలముకంటె ఒక సెంటీమీటరో, మఱికొంచెమో యెక్కువగా నుండును. అట్లు నీటితో బిగిసియున్న డిస్కును లేచిన వెంటనే ముందుకు వంచిన, పొరలపై బిగువు మిక్కిలి యధికమగును. 1998లో అమెరికాలో పాతనడుమునొప్పి గలవారిని కొందఱిని ప్రొద్దుటి వేళ నడుము వంచకుండ నుండుడని మాత్రమే కోరగా, వారి నొప్పి తగ్గెను. మఱి మన ధనుర్మాసపు ముగ్గులో! నిద్రలేచి ముఖము కడుగగనే, చలిలో, నడుము రెండుగా విఱిచి, ముప్పావుగంట. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చెను, ఏడుపును వచ్చెను.

శోభకృత్ సంవత్సరపు ఉగాదికి కొద్దినాళ్ల ముందు, 2023 మార్చిలో, మా పట్టణమున నొక ఫిజియోథెరపిస్టుగారి వద్దకు పోతిని. ఆమె నాకంటె చిన్నది. చిత్రము చూపబోగా, "తరువాత చూస్తానండీ. ముందు చెప్పండి, ఏం చేస్తే మీ కాలినొప్పి పైకి వస్తుంది? ఏం చేస్తే కిందికి దిగుతుంది?" అని యడిగెను. మూడు నెలలలో నన్నెవరు నా ప్రశ్న యడుగలేదు. నేనును ఎన్నడును గమనింపలేదు. బోరగిల పడుకొమ్మనెను. పడుకొంటిని. రెండు నిమిషములకు పాదములోని మంట పిక్కకు వచ్చెను. మోచేతులపై మెల్లగా లేవుమనెను. అయిదు నిమిషములకు నొప్పి పిరుదులోనికి వచ్చి, నడుములో మాత్రము కొంచెము పెరిగెను. నేను భయపడితిని. ఆమె మాత్రము సంతోషించెను. కాలినుండి నడుముకు వచ్చు నొప్పి మంచిది, నడుమునుండి కాలికి దిగునొప్పి చెడ్డది. ఇదియే ఆమె నాకు నేర్పిన మొదటి పాఠము.

ఈ మర్మమును 1956లో న్యూజీలాండుదేశపు వెల్లింగ్టనులో రాబిన్ మెకంజీ యను చికిత్సకుడు కనిపెట్టిన కథ ముచ్చటయైనది. కాలినొప్పితో వచ్చిన రోగియొకనిని లోపల బోరగిల పడుకొనుమని చెప్పి, ఆయన వేఱొక పనిలో మునిగెను. బల్ల తలవైపు పైకెత్తియుండినది దించుట మఱచిరి. రోగి నడుము వెనుకకు వంగియుండగనే కొన్ని నిమిషములు పడియుండెను. మెకంజీ వచ్చి చూచి కంగారుపడగా, రోగి తన కాలినొప్పి పోయినదనెను. అటుపై మెకంజీ దానినొక పద్ధతిగా తీర్చెను. మన భుజంగాసనమును, మకరాసనమును ఘేరండసంహితలో చదివినవారి కిది క్రొత్తగా తోచదు. కాని ఒక్క మాట. ఇది అందఱికిని పనికిరాదు. వెనుకకు వంగిన కాలిలో నొప్పి హెచ్చువారు, ముఖ్యముగా వెన్ను లోపలి త్రోవ యిఱుకైన పెద్దలు, దీనిని చేయరాదు. వారి కాలే వారికి చెప్పును.

రెండవ పాఠము నడక. ఎంత నడువవలెనని యడిగితిని. ఆమె గడియారము చూచుకొనుచు నన్ను నడిపించెను. 8వ నిమిషమున పిక్క లాగుట మొదలాయెను. "అయితే 4 నిమిషాలే నడవండి. కానీ రోజుకు 5 సార్లు" అనెను. అప్పుడు నాకు చిన్ననాడు వల్లించిన వాగ్భటుని మాట స్ఫురించెను. బలవంతులు సైతము చలికాలమునను వసంతమునను తమ శక్తిలో సగమువఱకే వ్యాయామము చేయవలెననియు, ఇతర ఋతువులలో అంతకంటె తక్కువగా చేయవలెననియు ఆయన విధించెను. సుశ్రుతుడు సగమునకు గుఱుతును కూడ చెప్పెను. వ్యాయామము చేయువానికి ఊపిరి నోటికి వచ్చినప్పుడు సగబలము వ్యయమైనదట. ఆరోగ్యవంతులకే సగమన్నప్పుడు నేను మొదటి దినమునే 12 నమస్కారములు చేయుట యెంత యవివేకము! నేను నా నొప్పిగడియారముతో సగమును కొలుచుకొంటిని. నొప్పి యెప్పుడు మొదలగునో దానిలో సగము. మూడుదినముల కొక నిమిషము చొప్పున హెచ్చించితిని. మొదట వసారాలోనే, అటునిటు. పిదప వీధిలో. జూను నెల ప్రవేశించుసరికి ఒక్కసారిగా 25 నిమిషములు నడువగల్గితిని.

మధ్యలో చెడిన దినములు లేకపోలేదు. మేనత్తకొడుకు వివాహమునకు నాలుగుగంటలు బస్సులో కూర్చుండి పోయి వచ్చినప్పుడు మరల కాలికి దిగినది. పూర్వమైనచో మంచమెక్కియుందును. ఈసారి మాత్రము నడకను సగమునకు తగ్గించి, బోరగిల పడుకొనుటను హెచ్చించి, నాలుగు దినములలో మరల దారికి వచ్చితిని. వ్యాయామము తరువాత నడుములో కొంచెము సలుపు వచ్చినను, 24 గంటలలో తగ్గినచో ఆ కొలత సరియైనదే. మఱునాటి యుదయమునకును తగ్గకున్నను, కాలిలో క్రిందికి దిగినను, కొలత హెచ్చినదన్నమాట. అప్పుడు మానవలసిన పని లేదు. తగ్గింపవలెను.

నడక కుదిరిన పిమ్మట బలమునకు అభ్యాసములు చెప్పెను. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున వెన్నును గూర్చి చిరకాలము పరిశోధించిన స్టువర్టు మెక్‌గిల్ అను ఆచార్యుడు ఏర్పఱచిన మూడు గలవు. అవి నడుమును వంచకయే దాని చుట్టునున్న కండలకు బలమిచ్చును. నేను చేసిన రీతి చెప్పెదను. దుప్పటి పఱచుకొని, చేతులు మోకాళ్లు ఆనించి ఆవువలె నిలిచి, కుడిచేతిని ముందుకును ఎడమకాలిని వెనుకకును చాచి, వీపుపై నీళ్లచెంబు పెట్టినను ఒలకనట్లుగా 10 లెక్కించువఱకు నిలుపుట, పిమ్మట రెండవప్రక్క. ఇది చూడ సులభము. నాకు మొదటివారము 4 లెక్కించుసరికే వణకు పుట్టెను. రెండవది, ప్రక్కకు ఒత్తిగిలి మోచేతిపైనను మోకాళ్లపైనను ఆని నడుమును నేలనుండి యెత్తుట. మూడవది, వెల్లకిల పడుకొని యొక మోకాలు ముడిచి, రెండు చేతులును నడుము క్రింద పెట్టుకొని, తలను భుజములను నేలనుండి వ్రేలెడు మాత్రమే యెత్తుట. దీనిని పూర్తిగా లేచి కూర్చుండుటగా మార్చుకొనకుడు. వీనికి తోడు వెల్లకిల పడుకొని మోకాళ్లు ముడిచి పిరుదుల నెత్తు సేతుబంధమును చేసితిని. ఊపిరి మాత్రము బిగబట్టరాదు.

మొదటి నెలలలో నేను మానినవి: పశ్చిమోత్తానాసనము, పాదహస్తాసనము, కాళ్లు చాచి లేచి కూర్చుండుట, రెండు కాళ్లును ఒక్కమారెత్తుట, గెంతుట, బరువుతో మెలితిరుగుట. వీనిలో కొన్ని మరల వచ్చినవి, కొన్నిటి యవసరము నాకు తోచలేదు.

ఇంటిపనిలోని చిక్కులను గూర్చి ఏ వైద్యుడును చెప్పడు, మనమే యొకరికొకరు చెప్పుకొనవలెను. స్కూటరుపై చీరతో ప్రక్కవాటుగా కూర్చుండుట నడుమును మెలిపెట్టుటయే. దానిపై వీధి గతుకులు! నాలుగు నెలలు నేను దానినెక్కలేదు. మావారు బడికి పోవుచు నన్ను దింపెదననినను నడచియే పోతిని. గొంతుకూర్చుండు మరుగుదొడ్డి నొప్పి తీవ్రముగా నున్నప్పుడు కష్టము. ఎత్తుపీట నొకదానిని కొనుక్కొనుట సిగ్గుపడవలసిన పని కాదు. మలబద్ధకము వలన ముక్కినప్పుడు కాలిలో నొప్పి మెఱయును గనుక ఆకుకూరలు, నీరు, పండ్లు ఇచ్చట మందులే. వంటయింటి గట్టువద్ద నిలుచున్నప్పుడు ఒక కాలి క్రింద చిన్నపీట వేసికొని, కొంతసేపటికి కాలు మార్చుకొనవచ్చును. తుమ్ము వచ్చినప్పుడు గోడకు చేయి ఆనించి నిటారుగా నిలువవలెను. నడుముపట్టీ ప్రయాణమున కొంత ధైర్యమిచ్చును గాని, దినమంతయు కట్టుకొన్నచో కండలు సోమరులగును. మరుసటి ధనుర్మాసమున నేను లేచినపిమ్మట గంటకుపైగా నడచి, పని చేసికొని, సూర్యుడు బాగుగా వచ్చిన పిదప, చిన్నపీటపై కూర్చుండి ముగ్గు పెట్టితిని. ఎదురింటివారు "ఈ వేళప్పుడా ముగ్గు?" అనిరి. ఔననితిని.

ఇంక బరువెత్తుట. ఇదియే నాకు ముఖ్యము. ఏలనగా పిల్ల యెత్తుకొమ్మని యడుగుట మానివేసెను. నేను పడుకొనియుండగా మంచమెక్కి ప్రక్కన చేరి నా మెడచుట్టు చేతులు వేయుట నేర్చుకొనెను. అడుగుచున్నప్పటికంటె అడుగనప్పుడు నాకు కష్టముగా నుండెను. ఆషాఢమున ఫిజియోథెరపిస్టుగారు నాకు వంగుట నేర్పిరి. నడుమును వంచక, పిరుదులను వెనుకకు నెట్టి, మోకాళ్లు కొంచెము ముడిచి, తొడసంధివద్ద వంగుట. వెన్నుపై పొడవాటి కఱ్ఱను తలకు, వీపుకు, పిరుదులకు తగులునట్లు పట్టుకొని, అది వీడకుండ వంగవలెను. మా పెద్దవాని బడిస్కేలును, అది చాలక దూలము దులుపు కఱ్ఱను వాడితిని. పిమ్మట ఎత్తవలసిన వస్తువును దగ్గఱకు లాగుకొని, పొట్టకు ఆనించుకొని, తొడల బలముతో లేవవలెను. తిరుగవలసినచో పాదములతో తిరుగవలెనే కాని నడుముతో కాదు. నా మొదటి ప్రమాదము తిరుగుటలోనే గదా జరిగినది.

బరువులు కొనవలసిన పని లేదు. లీటరు నీరు కిలో తూగును. నేను బకెట్టు లోపల లీటరు లీటరునకు రంగుతో గీతలు గీసితిని. దానిని నేలపై గాక ఎత్తుపీటపై నుంచి, మొదట 2 లీటర్లతో నారంభించితిని. వారమునకు మూడు దినములు, ఎనిమిదేసి మారులు. రెండు వారములు ఏ చెఱుపును లేకున్నచో ఒక లీటరు హెచ్చించితిని. బాగుగా నున్నప్పుడు కొంత త్వరగాను, చెడినప్పుడు మెల్లగాను పోతిని. 5 లీటర్లవద్ద నొకమారు ఆగి వెనుకకు 3కు వచ్చితిని. పిదప పీటను తీసి తక్కువయెత్తు చెక్కపై పెట్టితిని. మావారు లెక్కల మాస్టరు గనుక గోడకు కాగిత మంటించి దానిపై నా లీటర్ల గీత గీయుచుండిరి. దానిప్రక్కనే మఱియొక గీత యెందులకో నాకు మొదట తెలియలేదు. అది నెలనెలకు అంగన్‌వాడీ కేంద్రమున తూచిన పిల్ల బరువు!

నా 11 కిలోల లక్ష్యము కార్తికమాసము నాటికి నెఱవేరెను. కాని అప్పటికి పిల్ల 13 కిలోలాయెను. కాగితము చూచి మేమిద్దఱమును నవ్వుకొంటిమి. మఱి రెండు గీతలకు నాకు జనవరి వచ్చెను. సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఒక సాయంకాలమున పిల్లను ఎత్తుపీటపై నిలువబెట్టి, దగ్గఱగా నిలిచి, దానిని పొట్టకు చేర్చుకొని లేచితిని. వసారాలో ఎనిమిదడుగులు నడచి, పాదములతో తిరిగి, మరల పీటవద్దకు వచ్చి దించితిని. మఱునాడు కాలు చూచుకొంటిని. ఏమియు లేదు. ఇప్పటికిని నేను 30 కిలోలు తూగు నిండు గాసుసిలిండరు నెత్తను. దొర్లించుట కూడ మా పెద్దవానిపని. వారమునకు మూడు దినములు దుప్పటి పఱచుదును. పఱువగానే పిల్ల వచ్చి నా ప్రక్కనే ఆవువలె నిలిచి, వీపుపై చెంబు పెట్టుమని యడుగును. దాని చెంబులో నీళ్లుండవు.